వానలో పాత కార్ల ప్రదర్శన: తలసేమియా స్టాల్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: ఆదివారం నెక్లెస్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన ఉంది. తలసేమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు) మీద అవగాహన స్టాల్ పెడుతున్నాం. వాన తప్పేట్టు లేదు. కరపత్రాలు, క్యూఆర్ కోడ్ ఎలా కాపాడాలి?

జవాబు: అన్నా, హుస్సేన్ సాగర్ గాలికి 10x10 అడుగుల టెంటు ఇట్టే లేస్తుంది. ఒక్కో కాలుకి 15 కిలోల ఇసుక బస్తా కట్టండి. వెనక కాళ్లు అర అడుగు దించండి, లేకపోతే పైన నీళ్లు నిలిచి గుడ్డ కుంగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద వద్దు, బల్లకి కట్టండి. క్యూఆర్‌కి మెరిసే లామినేషన్ వద్దు. తడి మెరుపుకి స్కాన్ కాదు. మ్యాట్ వేయించి, టెంటు లోపలివైపు తగిలించండి.

ఇంకో జవాబు: కరపత్రాలు తగ్గించండి, తడిస్తే ముద్దే. అంబాసిడర్, పద్మిని ఓనర్లను అడిగి ముందు అద్దం లోపల కార్డు పెట్టించండి. జనం కారు చూడ్డానికి వంగినప్పుడు అదే కనిపిస్తుంది. పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: "పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 పరీక్ష". క్యారియర్లను, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవాళ్లను పట్టే రక్తపరీక్ష ఇది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇది నోటితో చెప్పండి, వింటారు.

మరో జవాబు: విరాళాలు తీసుకుంటే రసీదు పుస్తకం జిప్ కవర్లో, బాల్ పెన్నుతోనే; జెల్ ఇంకు కారిపోతుంది. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.