ఇంట్లో సిగ్నల్ లేదు, వైఫై కాలింగ్ పనికొస్తుందా?

ప్రశ్న: మాది గ్రౌండ్ ఫ్లోర్, లోపలి గదిలో ఒక్క గీత కూడా ఉండదు, అమ్మ ఫోన్ చేస్తే బాల్కనీలోకి పరిగెత్తాలి. వైఫై మాత్రం బాగుంది. వేరే యాప్ వేయాలా?

జవాబు: అక్కర్లేదండీ. సిమ్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్ బదులు వైఫై మీదుగా మామూలు కాల్ వెళ్లడం) ఆన్ చేయండి, వీఓఎల్‌టీఈ (4జీ మీద కాల్ వెళ్లే సౌకర్యం) కూడా ఆన్‌లో ఉండాలి. జియో 2020 జనవరిలోనే దేశమంతా మొదలుపెట్టింది, అదనపు ఛార్జీ లేదు. అవతలివాళ్లకి ఇది ఉండాల్సిన పనేం లేదు.

ఇంకో జవాబు: ఆన్ చేసినా కొన్ని ఫోన్లు ఆ దిక్కుమాలిన ఒక్క గీతనే పట్టుకుని వేలాడతాయి. ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై మళ్లీ ఆన్ చేసి, అప్పుడు కాల్ కలిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు: కలిసింది! కరెంటు పోతే?

జవాబు: రౌటర్ ఆగితే కాల్ కూడా కట్టే. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టించండి.