విజయవాడ గవర్నర్‌పేట పాత ఆఫీసు భవనాలు: పడగొట్టి టవర్ కట్టాలా, ఉన్నదాన్నే బలపరచాలా?

(ఐదుగురి చర్చ ఇది. ప్రతి మాటకీ పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

నిలువునగరం

బందరు రోడ్డుకీ ఏలూరు రోడ్డుకీ మధ్య 1960, 70లలో లేచిన నాలుగైదు అంతస్తుల ఆఫీసు భవనాల గురించి ఈ చర్చ. నా మాట సూటిగా చెబుతున్నాను: వాటిని తీసేసి పది పన్నెండు అంతస్తుల టవర్లు కట్టాలి. విజయవాడ భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం భూకంపాల మూడో జోన్‌లో ఉంది. పిల్లర్లలో నిలువు రాడ్ల చుట్టూ ఇనుప రింగులు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 వచ్చిందే 1993లో. అంతకుముందు కట్టినవాటిలో ఆ జాగ్రత్త ఉండదు. మెట్లదారి ఒక్కటే, లిఫ్టు ఉన్నా ఒక్కటే, కార్లన్నీ వీధిలోనే. రైల్వే స్టేషనూ బస్టాండూ ఇంత దగ్గరున్న చోట నేలని ఐదంతస్తులకే వదిలేస్తే ఆఫీసులన్నీ ఊరి చివరికి పోతాయి, ఉద్యోగం చేసేవాళ్లు రోజూ అంత దూరం తిరగాలి. కాదనేవారు లెక్కతో రండి.

రింగులూ రాడ్లూ

లెక్కతోనే వస్తున్నానండి. 40 మీటర్లు ముందుకి, 50 మీటర్లు లోతుకి, 2000 చదరపు మీటర్ల స్థలం అనుకుందాం. మన గజాల్లో సుమారు 2390. ఈ పేటల్లో అంత స్థలం దొరకడమే గొప్ప. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 119లో పట్టిక తీయండి. ఎత్తు 40 మీటర్లయితే చుట్టూ 12 మీటర్లు వదలాలి. అటు 24 పోతే 16, ఇటు 24 పోతే 26. చేతికి మిగిలేది 416 చదరపు మీటర్లు. అంతస్తుకి 3.6 మీటర్ల చొప్పున పదకొండు అంతస్తులు వేస్తే 4576.

అదే స్థలంలో 24 మీటర్ల ఎత్తుకే ఆగితే చుట్టూ 8 మీటర్లు చాలు. 24 ఇంటూ 34, అంటే 816. ఆరు అంతస్తులకి 4896. ఐదంతస్తులు ఎక్కువ కట్టి 320 చదరపు మీటర్లు పోగొట్టుకోవడం ఏం లాభమండీ? పైగా 416లో రెండు మెట్లదారులు, లిఫ్టులు, డక్టులు, టాయిలెట్లు కలిసి నూరుకి పైనే తినేస్తాయి. అద్దెకిచ్చేది మూడొందలే. 40 మీటర్ల ఎత్తుకి ఎదురుగా 24 మీటర్ల రోడ్డు, అంటే 80 అడుగుల రోడ్డు కూడా కావాలి. గవర్నర్‌పేట లోపలి వీధుల్లో అది ఎక్కడుంది?

ఇక పాత భవనం సంగతి. చుట్టూ 3 మీటర్లు మాత్రమే వదిలి, మధ్యలో వెలుతురు కోసం 12 ఇంటూ 20 ఖాళీ ఉంచి కట్టారనుకోండి. అంతస్తుకి 1256, ఐదింటికి 6280 చదరపు మీటర్లు. దాన్ని పడగొట్టిన రోజునే, టవరు 4576తో పోలిస్తే, 1700 చదరపు మీటర్లు పోయినట్టు, మళ్లీ రావు. (పట్టికకి ఆ తర్వాత సవరణలు వచ్చాయి. ప్లాను పెట్టే రోజున అమల్లో ఉన్న అంకెలతో ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి.)

నిలువునగరం

ఒప్పుకుంటున్నాను, అరెకరం స్థలానికి మీ లెక్క నిజమే. కానీ పక్కపక్క స్థలాలు రెండు కలపండి. 50 ఇంటూ 80, దాదాపు ఎకరం. 24 మీటర్ల ఎత్తుకి 34 ఇంటూ 64, ఆరంతస్తులకి 13,056. అదే 40 మీటర్లకి 26 ఇంటూ 56, పదకొండింటికి 16,016. మూడు వేల చదరపు మీటర్లు లాభం. బందరు రోడ్డు వైపు ముఖం ఉంటే రోడ్డు వెడల్పుకీ ఇబ్బంది ఉండదు. నేను టవర్ అంటున్నది ఇలాంటి చోట. చిన్న స్థలంలో సన్నగా నిలబెట్టమని కాదు.

పాత దస్తావేజు

స్థలాలు కలపడం అన్నారు కాబట్టి ఆ పని ఎలా సాగుతుందో చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచే వస్తుంది. ఈ భవనాల స్థలాలు చేతులు మారింది అంతకుముందు. కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల్లోంచి వెతికించి తీయించాలి, లింకు దస్తావేజులు (చేతులు మారిన ప్రతిసారి రాసినవి) ఒక్కటీ తెగకుండా వరసగా పేర్చుకోవాలి. టౌన్ సర్వే నంబరు వేరు, దస్తావేజులో రాసిన పాత సర్వే నంబరు వేరు. రెండింటినీ కలిపే కాగితం లేకుండా ప్లాను పెడితే అక్కడే ఆగుతుంది. తర్వాత 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా చూడాలి. నగరం నడిబొడ్డున సత్రాల, దేవాలయాల, వక్ఫ్ భూములు దీర్ఘకాలం లీజు మీద నడిచినవి ఉంటాయి. భవనం ఒకరిది, నేల ఇంకొకరిది అయితే పడగొట్టే హక్కే ప్రశ్న అవుతుంది. భవనం నిలబడి ఉన్నంతకాలం లీజుదారుకి పట్టు ఉంటుంది. ఖాళీ స్థలం అయ్యాక ఆ పట్టు సడలుతుంది. ముందు పడగొట్టి తర్వాత కాగితాలు చూద్దామనుకునేవారు చిక్కుకునేది ఇక్కడే.

ఇంకో సంగతి. పాత దస్తావేజుల్లో హద్దులు చదివేటప్పుడు "బావిలో అర్ధభాగం హక్కు", "ఉమ్మడి నూతికి దారి" లాంటి మాటలు వస్తే వదలొద్దు. లాయర్లకి అది పనికిరాని వాక్యం. ఇంజనీరుకి అదే అసలు వాక్యం.

బోర్‌లాగ్

పాత దస్తావేజు గారికి దండం పెట్టాలి, ఆ మాట మట్టి పరీక్ష చేసేవాళ్లు కూడా అడగరు. కుళాయిలు రాకముందు ప్రతి పెరట్లోనూ నుయ్యి ఉండేది. తర్వాత ఇటుక ముక్కలు, బూడిద, చెత్త పోసి పూడ్చేసి పైన కట్టేశారు. నాలుగు మూలలా నాలుగు బోర్లు వేస్తే ఆరడుగుల నుయ్యి ఒక్క బోరులో కూడా తగలదు. తీరా తవ్వకంలో ఒక ఫుటింగు (పిల్లరు కింది పునాది దిమ్మ) కింద బయటపడుతుంది. చుట్టూ బిగువైన నల్లమట్టి, మధ్యలో గుండ్రంగా మెత్తటి బూడిదరంగు మట్టి, గునపం గుచ్చితే బరువుకే దిగిపోతుంది. దస్తావేజు చూసి ముందే ప్లాను మీద గుర్తు పెట్టుకుంటే ఐదో బోరు సరిగ్గా అక్కడే వేయొచ్చు.

ఇప్పుడు నీళ్లు. ఈ చర్చలో అసలు ప్రశ్న అంతస్తులది కాదు, సెల్లారుది. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ ఊరి నడుమ కాలువలు పారుతున్నాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. కింద కృష్ణ తెచ్చిన ఒండ్రు, నల్లమట్టి పొర, దాని కింద ఇసుక. కాలువలు కట్టేసిన మే నెలలో బోరు వేస్తే ఊట, అంటే నేలలో నీటి మట్టం, లోతుగా కనపడుతుంది, రిపోర్టులో ఆ అంకె పడిపోతుంది. కాలువలు నిండుగా పారే సెప్టెంబరు, అక్టోబరుల్లో అది పైకి వస్తుంది. డిజైను మాత్రం మే అంకె మీద జరుగుతుంది. బోరులో చిల్లుల గొట్టం దింపి వదిలేసి, ఏడాది పాటు నెలకోసారి టేపు వేసి కొలవాలి. ఖర్చు పెద్దదేం కాదు.

రెండు సెల్లార్లకి 7.5 మీటర్లు తవ్వారు, ఊట 3 మీటర్ల దగ్గర ఉంది అనుకోండి. 4.5 మీటర్ల నీళ్లు రాఫ్ట్‌ని (అడుగంతా పరిచే కాంక్రీటు పునాదిని) కిందనుంచి చదరపు మీటరుకి 4.5 టన్నులతో పైకి నెడతాయి. మీటరు మందం రాఫ్ట్ బరువు 2.5 టన్నులు. మిగతా 2 టన్నులు సెల్లారు గోడలు, శ్లాబులు పడ్డాకే వస్తాయి. అందాకా పంపులు రాత్రింబవళ్లు నడవాలి, జనరేటరు సిద్ధంగా ఉండాలి. మధ్యలో డబ్బులు ఆగి పని ఆగితే గుంత నీళ్లతో నిండుతుంది. అమరావతిలో సచివాలయం టవర్ల పునాదులు 2019లో పనులు ఆగాక ఏళ్ల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ నీళ్లు తోడించి, నిపుణులకి చూపించాకే పని మళ్లీ కదిలింది. అది పొలాల మధ్య. గవర్నర్‌పేటలో అలా ఆగితే పక్క భవనాల గతేంటి?

రింగులూ రాడ్లూ గారి లెక్కకి ఇంకొకటి కలపండి. సెల్లారు హద్దుకి 2 మీటర్లు వదిలి 36 ఇంటూ 46 తవ్వితే 1656 చదరపు మీటర్లు. దాని మీద టవరు నిలబడేది 416 లోనే, పావు వంతు. మిగతా ముప్పావు సెల్లారు మీద బరువు లేదు. నీళ్లు దాన్ని ఎత్తుతాయి, టవరు తన భాగాన్ని కిందికి దించుతుంది. రెండూ కలిసేచోట శ్లాబు చీలుతుంది. అందుకే ఆ చోట మీటరు వెడల్పు పట్టీ పోయకుండా వదిలి, టవరు పూర్తిగా లేచి దిగాల్సింది దిగాక పోస్తారు. బరువు లేని భాగానికి కిందికి పట్టి ఉంచే పైల్స్ (లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు. ఆ సెల్లారు కప్పు మీదుగానే ఫైరింజను తిరగాలి. జాతీయ భవన నియమావళి దానికి 45 టన్నుల బరువు లెక్క వేయమంటుంది. సన్నటి టవరు చవక అనుకునేవాళ్లు ఇవన్నీ కలిపి చూడాలి.

నిలువునగరం

మట్టి బాగోలేదని ఎత్తు కట్టకూడదనడం సరికాదు. అదే బందరు రోడ్డు పక్కన, ఒకప్పటి పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో, మనం స్వరాజ్య మైదానం అని పిలుచుకున్న చోట, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడింది. 2024 జనవరిలో ఆవిష్కరించారు. 206 అడుగులు! అదే ఒండ్రు, అదే ఊట.

బోర్‌లాగ్

నిలబడుతుంది, నేనెక్కడా నిలబడదనలేదు. అక్కడ చుట్టూ ఎకరాల మైదానం. మన చర్చలో ఉన్న స్థలానికి మూడు పక్కలా సున్నం కట్టుబడి మీదో, ఐదడుగుల ఫుటింగుల మీదో నిలబడ్డ భవనాలు. మీరు నీళ్లు తోడితే వాళ్ల కింద మట్టి బిగుసుకుంటుంది, గోడలు బీటలిస్తాయి. పంపు గొట్టం దగ్గర బకెట్లో నీళ్లు పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేలితో గీస్తే గరగరలాడే ఇసుక తేరిందంటే పక్కవాళ్ల పునాది కింది ఇసుక మీ పంపులోంచి పోతోందన్నమాట. ఆ క్షణం పంపు తగ్గించి ఫిల్టరు మార్చాలి. పని మొదలవకముందే పక్క భవనాల పాత బీటలన్నిటికీ ఫొటోలు తీసి, బీట మీద సన్నటి గాజు ముక్క అతికించి తేదీ రాయాలి. గాజు పగిలితే బీట కదిలినట్టు. పైల్స్ ఒకదానిలో ఒకటి కొరుక్కునేలా వేసి చుట్టూ గోడ కట్టి, ఆ గోడని లోపలి బంకమట్టి పొర దాకా దించగలిగితే తోడాల్సిన నీళ్లు చాలా తగ్గుతాయి. అది కట్టే ఓపిక లేనివాళ్లు రెండో సెల్లారు మాట ఎత్తకూడదు.

వీధి అరుగు

సెల్లారు గురించి ఒక్క మాట. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చింది, 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలని దాటి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగింది. గవర్నర్‌పేట ఆ వైపు కాదని అంటారు, నిజమే. కానీ సెల్లారు మునగడానికి ఏరు పొంగక్కర్లేదు. ర్యాంపు నోటి దగ్గర అడుగు ఎత్తు గట్టు లేకపోతే గంట గట్టి వాన చాలు. కరెంటు ప్యానెల్, జనరేటరు, మంటలార్పే పంపు పెట్టే చోటు విషయంలో టవరైనా పాత భవనమైనా ఒకటే మాట: ప్యానెళ్లు, జనరేటరు నేల మీదే ఉండాలి, పంపు కిందనే ఉంచక తప్పకపోతే దానికి విడిగా గోడ, విడిగా తోడే మోటారు ఉండాలి.

నిలువునగరం

సరే, ఉంచమనేవాళ్లు ఉంచడం ఎలాగో చెప్పండి. పైన సిమెంటు పూసి రంగేస్తే బలపరిచినట్టా?

రింగులూ రాడ్లూ

కాదు. ఆ పద్ధతే అందరికీ చెడ్డపేరు తెచ్చింది. ముందు పరీక్షలు. అంతస్తుకి కనీసం మూడు కోర్లు, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసిన ముక్కలు తీయాలి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు బలం ఆ గ్రేడులో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. ఆ రోజుల కాంక్రీటు 1:2:4, అంటే ఈనాటి ఎం15కి దగ్గర. తీసిన కోరు మీద ఫినాఫ్తలీన్ అనే రంగు మారే ద్రావణం చల్లండి. లోపలి భాగం ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది, బయటి అంచు సిమెంటు రంగులోనే ఉండిపోతుంది. ఆ రంగు మారని అంచు మందం స్కేలుతో కొలవండి. రాడ్డు మీద కవరు, అంటే కాంక్రీటు పొర, 20 మిల్లీమీటర్లుండి, రంగు మారనిది 22 ఉంటే రాడ్డుకి రక్షణ పోయింది, తుప్పు మొదలైనట్టే లెక్క. టాయిలెట్ల గోడ వెంట, టెర్రస్ కింద, ఏసీ నీళ్లు కారే చోట ఇది ముందుగా కనపడుతుంది. ఫాల్స్ సీలింగు విప్పకుండా రాసిన రిపోర్టు చెల్లదు.

తర్వాత రింగులు. ఒక పిల్లరు పైకొస దగ్గర, బీము కింద అడుగున్నర మేర కవరు కొట్టి చూడండి. రింగులు పది అంగుళాలకొకటి, కొస 90 డిగ్రీలు వంచి వదిలేసి కనిపిస్తాయి. ఊపు వస్తే ఆ కొసలు విచ్చుకుంటాయి, లోపలి కాంక్రీటు జారిపోతుంది. దీనికి ఐఎస్ 15988 (2013) దారి చూపిస్తుంది. పిల్లరు చుట్టూ కనీసం 100 మిల్లీమీటర్ల జాకెట్, అంటే కొత్త కాంక్రీటు తొడుగు. ప్లాస్టరు, పట్టులేని కాంక్రీటు చెక్కేసి గరుకు చేసి, శ్లాబులో రంధ్రాలు పెట్టి కొత్త రాడ్లు కింది నుంచి పై దాకా ఏకంగా తీసుకెళ్లి, రింగుల కొసలు 135 డిగ్రీలు వంచి మైక్రో కాంక్రీటు పోయాలి. తొమ్మిది ఇంటూ పదిహేను అంగుళాల పిల్లరు పదిహేడు ఇంటూ ఇరవైమూడు దాకా అవుతుంది. గదులు ఇరుకవుతాయి, దాచడం ఎందుకు.

చెడేది రెండు చోట్ల. జాకెట్‌ని ఫ్లోరింగు పైనుంచి మొదలుపెడతారు, ఫుటింగు దాకా తవ్వరు. అప్పుడు బలం గాల్లో వేలాడినట్టే. రెండోది, కింది అంతస్తు ఒక్కటే బలపరిచి ఆపేస్తారు, దెబ్బ పై అంతస్తుకి మారుతుంది. ఇంకా ముందు చేయాల్సింది బరువు దించడం. టెర్రస్ మీద పొర మీద పొర వేసిన సున్నం జల్లి, తర్వాత కట్టిన రేకుల అంతస్తు, హోర్డింగులు, సెల్ టవర్లు. ఇవి తీయకుండా పిల్లర్లకి ఖర్చు పెట్టడం దండగ.

కోర్ల సగటు మరీ పడిపోతే, రాడ్లు సగం తినేస్తే పడగొట్టమని నేనే రాసిస్తాను.

పాత దస్తావేజు

ఉంచడానికి మన ఊళ్లోనే దృష్టాంతం ఉంది. సూర్యారావుపేటలోని నీటిపారుదల శాఖ భవనం విభజన తర్వాత ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసు అయింది, 2019 జులైలో రాజ్‌భవన్ అయింది. అదే స్థలం, అదే కట్టడం.

నిలువునగరం

రాజ్‌భవన్‌కి పదిమందిని ఎక్కించి దించే లిఫ్టులు అక్కర్లేదు, ఆఫీసుకి కావాలి. పడగొట్టడం గురించి కూడా లెక్క చెప్పండి. 6280 చదరపు మీటర్ల భవనం, చదరపు మీటరుకి 1.2 టన్ను వేసుకున్నా ఏడున్నర వేల టన్నుల శిథిలం. పది టన్నుల టిప్పర్లు 750 ట్రిప్పులు. ఇంత పని నేను తేలిగ్గా చెప్పడం లేదు. నెలకి 300 టన్నులు దాటితే శిథిలాన్ని విడదీసి, ముందే ప్రణాళిక ఇవ్వాలని 2016 నిబంధనలు చెప్పాయి; ఇప్పుడు అమల్లో ఉన్నవి చూసుకుని ఇవ్వాల్సిందే. నా పట్టు ఇంతవరకు వచ్చింది: ఎకరం కలిసి, 80 అడుగుల రోడ్డు ఉండి, కోర్లు ఫెయిలైన చోట టవరు. అరెకరంలోపు స్థలానికి నా వాదన వదులుకుంటున్నాను.

బోర్‌లాగ్

ఎకరం కలిసినా ఒక్క సెల్లారుకి మించి నేను ఒప్పుకోను. మిగతా కార్లు మొదటి రెండు అంతస్తుల్లో పెట్టండి, రెండంతస్తుల అద్దె పోతుంది, పోనివ్వండి. ఊట కొలిచే గొట్టాలు దింపడానికి మాత్రం ఈ ఏడాది కాలువలు వదిలే లోపే మొదలుపెట్టాలి. కనిష్ఠం కూడా తెలియాలి, గరిష్ఠం కూడా తెలియాలి.