‘అమృతం’లో అమృతరావు పాత్రధారులు ఎందరు, ఎవరి తరువాత ఎవరు?

ప్రశ్న: రామగిరి వాసి, నల్గొండ

మా ఇంట్లో పిల్లలు ‘అమృతం’ హాస్య ధారావాహిక పాత భాగాలను యూట్యూబులో వరుస లేకుండా చూస్తున్నారు. ఒక భాగంలో శివాజీరాజా, మరో భాగంలో నరేష్, ఇంకోదానిలో హర్షవర్ధన్ అమృతరావుగా కనిపించేసరికి, వీళ్లు ముగ్గురూ అన్నదమ్ములా అని మా చిన్నవాడు అడిగాడు. ఆ రోజుల్లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు కరెంటు ఉంటే చూడడం, పోతే ఊరుకోవడమే తప్ప, ఎవరు ఎప్పుడు మారారో నేను పట్టించుకోలేదు. అసలు వరుస ఏమిటి? కథానాయకుడే రెండుసార్లు మారినా ధారావాహిక ఎలా నిలబడిందో కూడా తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మిర్యాలగూడ నుంచి

మీరు రాసిన క్రమమే అసలు క్రమం. మొదట శివాజీరాజా, తరువాత కొద్దికాలం నరేష్, ఆపైన చివరిదాకా హర్షవర్ధన్. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ ధారావాహిక 2001 నవంబరు 18న జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు 18న ముగిసింది. మొత్తం భాగాలు 313. ఆరేళ్లలో వచ్చే ఆదివారాల లెక్కకు ఇది దాదాపు సరిపోతుంది కనుక, ఎంత నియమంగా ప్రసారం చేశారో ఊహించుకోవచ్చు. తొలి భాగాలకు దర్శకత్వం వహించిన చంద్రశేఖర్ యేలేటి ఆ తరువాత 2003లో ఇదే నిర్మాత వద్ద ‘ఐతే’ సినిమా తీశారు. కథానాయకుడే కాదు, అమృతరావు భార్య సంజీవని పాత్రలోనూ ఝాన్సీ, సుప్రజ వంటి వేర్వేరు నటీమణులు కనిపిస్తారు. ఆ సంగతి మీ చిన్నవాడు ఇంకా గమనించినట్లు లేదు.

జవాబు: పాలమూరు పాఠకుడు

రెండో ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. రోజువారీ ధారావాహికల్లో నటి మారితే ప్రేక్షకులు వారం రోజులు గొణుగుతారు, ఎందుకంటే అక్కడ కథ నిన్నటి కన్నీటి దగ్గర ఆగి ఈ రోజు మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. ‘అమృతం’లో దాదాపు ప్రతి వారమూ కథ కొత్తగా మొదలై ఆ వారమే ముగిసేది. అందువల్ల ముఖం మారినా తెగిపోయే దారం అంటూ ఉండదు.

అంతకన్నా పెద్ద కారణం గుండు హనుమంతరావు. 2007 దాకా అమృతరావు స్నేహితుడు ఆంజనేయులు, అంటే అంజి, ఆయనే. అడ్డదారిలో డబ్బు సంపాదించే ఉపాయం అమృతరావుకు తడుతుంది, అంజి మొదట వద్దంటాడు, తరువాత అరమనసుతో ఒప్పుకుంటాడు, చివరకు ఇద్దరూ కలిసి ఇంటి యజమాని అప్పాజీ ముందు దొరికిపోతారు. ఈ మూడు మెట్లలో నవ్వు పుట్టేది నడిమి మెట్టు మీదనే. వద్దు అన్న మాట నోట్లో ఉండగానే ‘ఎంత మిగులుతుంది’ అన్న లెక్క కళ్లలోకి వచ్చేసేది, ఆ రెండింటి మధ్య ఆయన ఒక్క క్షణం ఆగేవారు. ఎదుట ఉన్నది శివాజీరాజా అయినా, హర్షవర్ధన్ అయినా, మనం చూసేది ఆ ఆగడాన్నే. కల్యాణి మాలిక్ స్వరపరచిన శీర్షిక గీతం కూడా పేరు పెట్టి పిలిచేది ఆంజనేయులునే. మా ఊరి బస్టాండు పక్కన ఒక టిఫిన్ హోటల్‌లో ఇప్పటికీ గల్లాపెట్టెకు ఫోను ఆనించి ఈ భాగాలు పెడుతుంటారు. ఆ పాట రాగానే లోపల పెనం దగ్గర ఉన్న మనిషి చట్నీ గిన్నె చేతిలో పట్టుకొని బయటికి వస్తాడు, యజమాని కసురుతాడు, అమృతరావు, అంజి నడిపే హోటల్ అమృత విలాస్ అక్కడే కనబడుతుంది.

జవాబు: దేవరకొండ నుంచి

అంజి గురించి చెప్పినది ఒప్పుకుంటాను గానీ, అమృతరావు ఎవరైనా ఒకటే అన్నట్లు రాయడం న్యాయం కాదు. శివాజీరాజా అమృతరావు అమాయకుడు, ఆశపడి మోసపోయేవాడు. జంధ్యాల చిత్రాలతో పేరు తెచ్చుకొని వచ్చిన నరేష్‌లో హాస్యానికి కొరత లేదు గానీ, ఆ సినిమా నాయకుడి దర్జా ఇడ్లీల హోటల్‌లో పూర్తిగా ఇమడలేదని నా అభిప్రాయం. హర్షవర్ధన్ వచ్చాకే అమృతరావుకు తెలివి ఎక్కువైన పిచ్చితనం వచ్చింది. ఆయన రచయిత కూడా (2014లో వచ్చిన ‘మనం’ సంభాషణలు ఆయనవే), బహుశా అందుకే మాట విరుపు బాగా పట్టుబడింది. ఇక అప్పాజీగా శివన్నారాయణ, హోటల్‌లో వడ్డించే సర్వంగా వాసు ఇంటూరి, అంజి భార్య శాంతగా రాగిణి లేకపోతే అంజి ఒక్కడూ ఏం చేసేవాడు?

రామగిరి వాసి, నల్గొండ

ముగ్గురికీ ధన్యవాదాలు. తరువాత వచ్చిన ‘అమృతం ద్వితీయం’ కూడా పిల్లలకు చూపించవచ్చునా?

పాలమూరు పాఠకుడు

చూపించవచ్చు. అది 2020 మార్చి 25న, ఉగాది నాడు, జీ5లో మొదలైంది. హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి అందులోనూ ఉన్నారు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న మరణించడంతో అంజి పాత్రను ఎల్.బి. శ్రీరాం పోషించారు. ఆయన గొప్ప నటుడే, అయితే ఆయన అంజి ముందే అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ఉంటాడు, అమృతరావు మాటకు లొంగిపోతాడని నమ్మబుద్ధి కాదు. దేవరకొండ మిత్రులు దీనికీ అభ్యంతరం చెబుతారేమో చూద్దాం. 2014లో గంగరాజు స్వయంగా దర్శకత్వం వహించిన ‘అమృతం చందమామలో’ సినిమాలో రెండు పాత్రల్లోనూ కొత్తవారే ఉన్నారు కాబట్టి, పిల్లలకు దానిని చివరన చూపించండి.