రిసెప్టర్ మీద అడ్రసు ఎవరు రాస్తారు?

పర్లాకిమిడి మందులషాపు:
ఇరవై ఏళ్లుగా బ్లాకర్ల స్ట్రిప్పులు కత్తిరించి ఇస్తున్నాను. ఆ మందులు పట్టుకుని అడ్డుకునే రిసెప్టర్లు, అంటే కణం పొర మీద సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు, అసలు అక్కడికెలా చేరాయో ఎప్పుడూ ఆలోచించలేదు. బరంపురంలో బీఎస్సీ చదివే మా చిన్నది సెలవులకొచ్చి, నాడీకణంలో అవి కణం నడిమధ్యన తయారై నరం చివరిదాకా వెళ్తాయంది. నడుం దగ్గర్నుంచి కాలివేలిదాకా అంటే దాదాపు మీటరు! బరంపురం నుంచి బస్సు మీదొచ్చే నా అట్టపెట్టె మీద షాపు పేరు రాసుంటుంది, ఇన్సులిన్ అయితే థర్మోకోల్ డబ్బా, ఐసు. అయినా ఒక్కోసారి పాతపట్నంలో దించేస్తారు. మరి దీనికి దారెవరు చెప్తారు? "కైనెసిన్ అనే ప్రొటీన్ మోస్తుంది నాన్నా" అని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయింది.

రాయగడ అమ్మాయి:
బాబాయి గారూ, నా పీహెచ్‌డీ ఈ గొడవే. రిసెప్టర్ గాల్జీలో, అంటే కణంలో సరుకు సర్ది పంపే చోట, చిన్న సంచిలోకి ఎక్కుతుంది. దాని తోక సంచి బయటికి వేలాడుతుంటుంది, అడ్రసు అంటూ ఉంటే అదే. ఆ తోకకి తగిన ప్రొటీన్ తగులుకుని కైనెసిన్‌కి కడుతుంది. కైనెసిన్ కణంలో పట్టాలా ఉండే మైక్రోట్యూబ్యూల్ మీద అడుగుకి 8 నానోమీటర్లు వేస్తూ, అడుగుకొక ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చుపెడుతూ నడుస్తుంది. వేగంగా వెళ్లే సరుకు రోజుకి 400 మిల్లీమీటర్లదాకా పోగలదు. అంటే మిరప ఘాటుని పట్టే టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్ వెన్ను పక్క గాంగ్లియాన్‌లో (నాడీకణాల గుంపులో) తయారై, బొటనవేలికి చేరాలంటే ఎంత లేదన్నా రెండున్నర రోజులు.

కానీ సినాప్స్ (ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతమిచ్చే చోటు) రిసెప్టర్లు ఎక్కువగా డెండ్రైట్ల మీదే, అంటే సంకేతాన్ని అందుకునే పొట్టి కొమ్మల మీదే ఉంటాయి, వాటికి మీటర్ల ప్రయాణం లేదు. అక్కడ చిత్రం వేరే ఉంది. సినాప్స్‌లో ఉండే ఆంపా అనే రకం రిసెప్టర్ చాలాసార్లు సరిగ్గా సినాప్స్ గుమ్మంలో దిగదు. పక్కనెక్కడో పొర మీద దిగి, అటూ ఇటూ జారుతూ తిరుగుతుంది. సినాప్స్ కింద పీఎస్‌డీ-95 లాంటి ప్రొటీన్లుంటాయి, వాటి దగ్గరకొచ్చినప్పుడు చిక్కుకుంటుంది. సినాప్స్ బాగా వాడుకలో ఉంటే ఎక్కువ చిక్కుతాయి. జ్ఞాపకం వెనక జరిగే పనుల్లో ఇదొకటి.

రిటైర్డ్ గార్డు:
నౌపడ–గుణుపురం లైన్లో పనిచేశాను. ఒకే పట్టా మీద ఎదురుబదురు బళ్లు వస్తే గుద్దుకోవా తల్లీ?

రాయగడ అమ్మాయి:
తాతగారూ, ఒకే సంచికి ముందుకు లాగే కైనెసిన్, వెనక్కి లాగే డైనీన్ రెండూ కట్టి ఉంటాయి. అందుకే ఆగుతూ, వెనక్కొస్తూ, మళ్లీ కదులుతూ పోతుంది. ఆక్సాన్‌లో, అంటే సంకేతాన్ని దూరం తీసుకెళ్లే పొడవాటి తీగలో, పట్టాలన్నీ ఒకే దిక్కు చూస్తాయి. డెండ్రైట్‌లో రెండు దిక్కులవీ కలిసుంటాయి, మీ కంట్రోలర్ చూస్తే టెన్షన్ పడిపోతాడు.

పర్లాకిమిడి మందులషాపు:
అయితే పాతపట్నం స్టాండులో దించేసిన నా పెట్టెని ఎవడో ఆటోవాడు చూసి తెచ్చిచ్చినట్టే అన్నమాట. తప్పు చోట దిగింది అక్కడే ఉండిపోతే?

రాయగడ అమ్మాయి:
పొర లోపలికి ముడుచుకుని మళ్లీ సంచిలో పెట్టుకుంటుంది బాబాయి గారూ. కొన్ని తిరిగి పైకొస్తాయి, కొన్ని కణం చెత్త అరిగించే సంచి లైసోజోమ్‌లో అరిగిపోతాయి.

పర్లాకిమిడి మందులషాపు:
ఎక్స్‌పైరీ సరుకు వాపసు! చిన్నదాన్ని పిలుస్తాను, ఉండండి.