కంట్రోలర్ స్టిక్‌లు బంక బంకగా అయిపోయాయి, వాడనిది కూడా! ఏం చేయాలి?

పెంట్‌హౌస్ ప్లేయర్

అందరికీ నమస్తే. పేరు చూసి ధనవంతుణ్ణి అనుకోకండి, దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద సింగిల్ రూమ్. మే నెలలో స్లాబ్ కింద పడుకుంటే పెనం కింద పడుకున్నట్టే ఉంటుంది.

నా దగ్గర రెండు గేమ్ కంట్రోలర్లు ఉన్నాయి. ఒకటి రోజూ వాడేది, మూడేళ్ల పాతది. రెండోది తమ్ముడితో కలిసి ఆడదామని కొన్నాను, వాడు కొన్న నెలకే ఉద్యోగమని బెంగళూరు వెళ్లిపోయాడు, దాంతో ప్లాస్టిక్ కవర్లో చుట్టి డబ్బాలో పెట్టి సజ్జ మీద పడేశాను. ఏడాదిన్నర ముట్టుకోలేదు. మొన్న వాడు దసరాకి వచ్చాడని దుమ్ము దులిపి తీస్తే, స్టిక్ మీద బొటనవేలు పెట్టగానే అతుక్కుంది. బెల్లం పాకంలో వేలు పెట్టినట్టే. వేలు తీసి చూసుకుంటే నల్లగా మసి.

రోజూ వాడే దాని సంగతి వేరు. అది అతుక్కోదు, జారుతుంది. నూనె పూసినట్టు మెరుస్తోంది, అంచున ఉండే గరుకు మొత్తం నున్నబడిపోయింది. ఫుట్‌బాల్ గేమ్‌లో గోల్ ముందుకొచ్చాక వేలు జారి బంతి ఎటో పోతోంది, తమ్ముడు పడీ పడీ నవ్వుతున్నాడు.

నేను చేసిన ప్రయోగాలు: తడి గుడ్డతో తుడిచాను, ఏం కాలేదు. కరోనా టైమ్‌లో కొన్న శానిటైజర్ జెల్ రుద్దాను, ఐదు నిమిషాలు బాగుంది, తర్వాత ఇంకా బంక. పౌడర్ చల్లాను, ఒక మ్యాచ్ అయ్యాక అది చెమటతో కలిసి ముద్ద కట్టింది.

అసలు వాడని కంట్రోలర్ వాడిన దాని కంటే ఎక్కువ ఎలా పాడైంది? ఆఫీసులో ఒకాయన నెయిల్ పాలిష్ రిమూవర్ పెట్టి తుడువు అన్నాడు, చేయొచ్చా? ఇలాగే వదిలేస్తే డ్రిఫ్ట్, అంటే స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలో దానంతటదే కదలడం, వస్తుందా? అమ్మ మాత్రం ఒకటే మాట, తింటూ ఆడితే ఇంతే అని.

మిర్చిబజ్జీ మోడ్

బ్రో నాకూ ఇదే అయింది. బండి ట్యాంకులోంచి రెండు చుక్కల పెట్రోల్ గుడ్డకి అంటించి గట్టిగా రుద్దాను, నలుపంతా వచ్చేసింది, కొత్తదానిలా అయింది. అమ్మ మాట కరెక్టే అనుకో, అది వేరే విషయం.

సోల్డరింగ్ మామ

మిర్చిబజ్జీ తమ్ముడూ, నీ కంట్రోలర్ ఇప్పుడెలా ఉందో నిజం చెప్పు. పెట్రోల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. వారం తర్వాత మళ్లీ బంకే, ఈసారి రెండింతలు. పైగా దాని లోపల బ్యాటరీ ఉంది, పెట్రోల్ పక్కన. ఆ సలహా ఎవరూ పాటించకండి.

నేను సికింద్రాబాద్‌లో రిపేర్ షాపులో చేస్తాను, పదకొండేళ్లు అవుతోంది. ఈ కేసు వారానికి మూడు నాలుగు వస్తాయి. అన్నా, నువ్వే ప్రశ్నలో రెండు ముక్కలుగా చెప్పేశావు, గమనించలేదు అంతే. ఒకటి జిడ్డు, ఒకటి బంక. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. జిడ్డు నీ చేతిది, బంక రబ్బరుది. జిడ్డు తుడిస్తే పోతుంది. బంక పై పొరని తీసేస్తే తప్ప పోదు, ఒక్కోసారి తీసినా మళ్లీ వస్తుంది.

ఏది ఏదో తేల్చడం చాలా తేలిక. మెడికల్ షాపులో ఇంజెక్షన్‌కి ముందు రుద్దే స్వాబ్ ప్యాకెట్లు దొరుకుతాయి కదా, వాటిలో ఉండేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒకటి చింపి స్టిక్ మీద తిప్పు. మొదటి స్వాబ్‌కి పసుపు, బూడిద రంగు మురికి వచ్చి, రెండోది దాదాపు తెల్లగా వస్తే అది జిడ్డు. ఐదో స్వాబ్‌కి కూడా నల్లగా వస్తూనే ఉంటే అది మురికి కాదు, నీ రబ్బరే కరిగి గుడ్డకి వస్తోంది.

తుడిచే పద్ధతి కూడా చెప్తాను, ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. ముందు కంట్రోలర్ ఆఫ్ చెయ్యి, ఛార్జింగ్ వైరు తీసెయ్యి. తర్వాత దాన్ని బోర్లా పట్టుకో, స్టిక్ నేల వైపు ఉండాలి. గుడ్డని తడుపు, స్టిక్‌ని కాదు. పైనుంచి చుక్కలు పోస్తే ఆ ద్రవం స్టిక్ కాడ వెంట కిందికి జారి, స్టిక్ కదలికని కొలిచే భాగమైన మాడ్యూల్‌లోకి పోతుంది. అక్కడ సన్నటి కార్బన్ పట్టీల మీద చిన్న రేకు పాకుతూ ఉంటుంది, స్టిక్ ఎటు వంగిందో అదే చెప్తుంది. నువ్వు పైన కడిగిన మురికి, కరిగిన రబ్బరు పోయి అక్కడ కూర్చుంటే అప్పుడు నిజంగానే కొత్త సమస్య. పౌడర్ కూడా అందుకే వద్దు. షాపులో విప్పితే లోపల తెల్లగా పేరుకుని ఉంటుంది, వాసన బట్టి ఏ బ్రాండో కూడా చెప్పగలను నేను.

డ్రిఫ్ట్ అడిగావు. పైన బంక వల్ల డ్రిఫ్ట్ రాదు. ఆ కార్బన్ పట్టీ అరిగితే, లేదా దాని మీద మురికి చేరితే వస్తుంది. స్టిక్‌ని వదిలాక మధ్యకి రాకుండా సగంలో ఆగిపోతోందంటే అది ఇంకో కథ, కూల్‌డ్రింక్ ఒలికి ఎండిపోయిన కేసు. అది పైపైన తుడిస్తే పోదు, విప్పాలి.

నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోకు. చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది కంట్రోలర్ బాడీ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. స్టిక్ చుట్టూ ఉండే రింగు మీద ఒక్క చుక్క పడినా తెల్లటి మచ్చ, జన్మలో పోదు.

జీడిమెట్ల షిఫ్ట్

మామ జిడ్డు, బంక అని విడగొట్టడం బాగుంది. వాడనిది ఎందుకు పాడైందో నేను చెప్తాను, నా పనే రబ్బరు, ప్లాస్టిక్ మోల్డింగ్.

మీ ఇంట్లో ఎవరైనా ఖరీదైన స్పోర్ట్స్ షూ కొని, దాచుకుని దాచుకుని, మూడు నాలుగేళ్ల తర్వాత ఎవరి పెళ్లికో తీసి వేసుకుంటే మండపం దాకా పోకముందే సోల్ ఊడి పొడి పొడిగా రాలిపోవడం చూశారా? మా బాబాయికి అయింది, బారాత్‌లో. కారణం ఇదే. ఆ సోల్ పాలీయురేథేన్. చేతికి మెత్తగా తగలాలని రిమోట్‌ల మీద, మౌస్‌ల మీద, కొన్ని కంట్రోలర్ల పట్టు మీద వేసే పూత కూడా తరచుగా అదే జాతిది. ఈ రకంలో చాలావాటికి గాల్లోని తేమ పడదు. నీటి అణువు లోపలికి దూరి ఆ పదార్థంలోని పొడుగాటి అణువుల గొలుసుల్ని ముక్కలు చేస్తుంది, దాన్నే హైడ్రాలిసిస్ అంటారు. గొలుసు పొడుగ్గా ఉన్నంతకాలం గట్టిగా, పొడిగా ఉంటుంది. ముక్కలైతే బంక. షూ సోల్ నురగలా ఉంటుంది కాబట్టి పొడి అవుతుంది, పూత పల్చటి పొర కాబట్టి అతుక్కుంటుంది.

స్టిక్ మీది మెత్తటి టోపీ చాలాసార్లు టీపీఈ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్ రకం. అందులో మెత్తదనం కోసం నూనె లాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా పైకి ఊరుతుంది, పాత ఆవకాయ జాడీ పైన నూనె తేలినట్టు. రోజూ వాడే కంట్రోలర్‌లో అలా ఊరింది ఊరినట్టే వేలికి, గుడ్డకి అంటుకుని పోతూ ఉంటుంది. మూసి పెట్టినదాంట్లో ఎక్కడికీ పోదు, పైనే పేరుకుంటుంది. అందుకే వాడనిది ముందు బంకైంది.

ఇక వేడి. వేడి పెరిగితే ఇలాంటి పాడు త్వరగా జరుగుతుంది, ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపు అని మేం వేసుకునే మోటు లెక్క. మీ సజ్జ స్లాబ్‌కి మూరెడు దూరంలో ఉంటుంది. అక్కడ ఎండాకాలమంతా ఉడికి, తర్వాత ముసురు పట్టినప్పుడు తేమ పీల్చింది. పైగా ప్లాస్టిక్ కవర్ చుట్టారు, జాగ్రత్త అనుకుని.

శానిటైజర్ సంగతి కూడా. అందులో ఆల్కహాల్ ఒక్కటే ఉండదు. చేతులు పగలకుండా గ్లిజరిన్ వేస్తారు, జెల్ చిక్కబడడానికి ఇంకో పదార్థం వేస్తారు. ఆల్కహాల్ ఆవిరైపోతుంది, మిగతావి స్టిక్ మీదే ఉండిపోతాయి. అందుకే ఐదు నిమిషాల సుఖం.

ఇద్దరు అబ్బాయిల అమ్మ

బాబూ, ఇవన్నీ నాకు అంతగా అర్థం కాలేదు కానీ మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పెద్దోడి కంట్రోలర్ ఎప్పుడూ జిడ్డే, చిన్నోడిది బాగానే ఉండేది. ఇద్దరూ అదే తిండి తింటారు, అదే గదిలో ఆడతారు. తర్వాత తెలిసింది, పెద్దోడు తలకి కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో కూర్చుంటాడు, పైగా ఆట మధ్యలో ఓడిపోయినప్పుడల్లా తల పట్టుకుంటాడు. వాడు చాలాసార్లు ఓడిపోతాడు. ఇప్పుడు వాడికి ఒక చేతి రుమాలు పక్కన పెట్టాను. సన్‌స్క్రీన్, చలికాలం లోషన్ కూడా ఇంతే. మీ అమ్మగారు చెప్పింది సగం నిజమే.

మిర్చిబజ్జీ మోడ్

ఒప్పుకుంటున్నాను, నా కంట్రోలర్ మళ్లీ బంకైంది. ఇప్పుడు దాని మీద సిలికాన్ టోపీ తొడిగి ఆడుతున్నాను. ఇది పర్లేదా మామా?

సోల్డరింగ్ మామ

కింద శుభ్రంగా ఉంటే పర్లేదు. బంక మీద తొడిగితే ఆట మధ్యలో టోపీ గుండ్రంగా తిరుగుతుంది, నెల తర్వాత తీస్తే లోపల తారు రోడ్డు. నువ్వు ముందు పెట్రోల్ వదిలించు.

పెంట్‌హౌస్ ప్లేయర్

అందరికీ థ్యాంక్స్, అప్‌డేట్ ఇస్తున్నాను. ఆదివారం పొద్దున స్వాబ్‌ల పెట్టె తెచ్చుకుని కూర్చున్నాను.

రోజూ వాడేది మామ చెప్పినట్టే. మొదటి స్వాబ్ చూస్తే నాకే సిగ్గేసింది, టీ వడకట్టిన గుడ్డలా ఉంది. రెండోది కొంచెం, మూడోది తెల్లగా. స్టిక్ అంచు గాడిలో ఇరుక్కున్నదాన్ని పాత టూత్‌బ్రష్‌తో బోర్లా పట్టుకునే తీశాను. మెరుపు పోయింది, వేలు ఆగుతోంది. నున్నబడిన గరుకు మాత్రం తిరిగి రాలేదు, అది అరిగిపోయింది, అర్థమైంది.

సజ్జ మీదిది వేరే. తొమ్మిది స్వాబ్‌లు వాడాను, తొమ్మిదోది కూడా నలుపే. ఎడమ స్టిక్ పైన గోరుతో నొక్కితే గోరు గుర్తు అలాగే ఉండిపోతోంది, చూయింగ్ గమ్ మీద నొక్కినట్టు. ఇంకా రుద్దడం ఆపేశాను. స్టిక్ పైభాగం ఒక్కటే మార్చుకోవచ్చా, లేక మొత్తం మాడ్యూల్ మార్చాలా? సోల్డరింగ్ అంటే నాకు టెన్షన్.

సోల్డరింగ్ మామ

గోరు గుర్తు పడిందంటే ఇక దాన్ని బతికించకు. మాడ్యూల్ ముట్టుకోనక్కర్లేదు, సోల్డరింగ్ లేదు. చాలా కంట్రోలర్లలో స్టిక్ టోపీ కాడ మీద బిగుతుగా కూర్చుని ఉంటుంది, అంతే. బాడీ విప్పాక పైకి నిటారుగా లాగితే ఊడొస్తుంది. పక్కలకి ఊపుతూ లాగకు, మాడ్యూల్ పాడవుతుంది. విప్పేటప్పుడు చాలావాటిలో రెండు సగాలనీ కలుపుతూ రిబ్బన్ కేబుల్, అంటే పల్చటి పట్టీ లాంటి వైరు ఉంటుంది, ఒక్కసారిగా విడదీస్తే అది తెగుతుంది. బ్యాటరీ కనెక్టర్ కూడా మొదటే తీసెయ్యి.

టోపీలు కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు, లేదా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ చుట్టుపక్కల చూడు. నీ కంట్రోలర్ మోడల్ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లు, పాత టోపీ ఊడదీసి జేబులో వేసుకుని వెళ్తే ఇంకా మంచిది. కాడ దూరే రంధ్రం ఆకారం మోడల్‌ని బట్టి మారుతుంది. కొంచెం వదులైనా ఆటలో స్టిక్ కటకటలాడుతుంది. ఎత్తు ఎక్కువైతే రింగుకి రాసుకుని తెల్లటి పొడి రాలుతుంది. కొనే ముందు పాతదాని పక్కన బల్ల మీద నిలబెట్టి చూడు.

జీడిమెట్ల షిఫ్ట్

కొత్త టోపీ వేశాక మళ్లీ సజ్జ ఎక్కించొద్దు ప్లీజ్. కింద అల్మారాలో, కవర్ లేకుండా, షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పడేసి పెట్టండి.

పెంట్‌హౌస్ ప్లేయర్

శనివారం కోఠీ వెళ్తున్నాను, పాత టోపీని చిన్న డబ్బాలో పెట్టుకున్నాను, ఎందుకంటే జేబులో వేసుకుంటే ప్యాంటుకి అంటుకుంది. తమ్ముడు మళ్లీ సంక్రాంతికి వస్తాడు, అప్పటిదాకా రోజూ వాడేదాంతో ప్రాక్టీస్.