1/72 హరికేన్ టూ-సి: రెక్క కింద సందు, గరుకు పెయింట్, డెకాల్ కింద తెల్లపొర

పాలమూరు_రెక్కలు:

బర్మా యుద్ధంల మన ఎయిర్‌ఫోర్స్ ఆరో స్క్వాడ్రన్ నడిపిన హరికేన్ టూ-సి యుద్ధ విమానం ప్లాస్టిక్ మాడల్ కడుతున్న, 1/72 స్కేల్, అంటే అసలు సైజుల 72వ వంతు. 1944 మొదట్ల అరకాన్‌ల ఉన్నట్టు రావాలె. మూడు చోట్ల పని ఆగింది, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

రెక్క అడుగుభాగం మొత్తం ఒకటే ముక్క. బాడీ కింద పెట్టి చూస్తే రేడియేటర్ ఎనక, రెక్క వెనక అంచు బాడీకి కలిసే కాడ, అర మిల్లీమీటర్ సందు. పైన ఎడమ దిక్కు రెక్క మొదట్ల కూడ సన్నగ సందు. పుట్టీ పెట్టి రుద్దితే వెనక బాడీ మీద బట్ట కింద కనిపించే స్ట్రింగర్ (పొడుగు కర్ర పట్టీల) గీతలు పోతయేమో అని ఆగిన.

పనికిరాని పాత రెక్క మీద పెయింట్, డెకాల్ (నీళ్లల్ల ముంచి అతికించే గుర్తుల స్టిక్కర్) పరీక్ష చేస్తున్న. డార్క్ ఎర్త్ (మట్టి రంగు) కొడితే వాటర్ పేపర్ లెక్క గరుకు. టమియా ఆక్రిలిక్, ఎక్స్-20ఏ తిన్నర్, సగం సగం. ఎయిర్‌బ్రష్ 0.3 నాజిల్, 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, పది సెంటీమీటర్ల దూరం. మిద్దె మీది రూం, మధ్యాహ్నం 42 డిగ్రీలు.

డెకాల్ ఆరినంక దాని చుట్టు, ఫిల్మ్ కింద తెల్లగ తేలుతుంది. నీళ్లు బోరువే. ఫ్లోరైడ్ వల్లనా?

కిట్‌ల ఇచ్చిన ఫిరంగి గొట్టాలు కూడ మొద్దుగ ఉన్నయి, వాటికి ఏం వాడాలె?

నల్గొండ_డెబ్బైరెండు:

తమ్మీ, పుట్టీ డబ్బ మూత పెట్టు ముందుగాల. అర మిల్లీ అంటే అది పుట్టీతోని నింపే సందు కాదు, లోపల ఏదో తగిలి రెక్క పైకి పోతలేదు. హరికేన్ల రెండు చక్రాలు లోపలికి మడిచి ఒకే గుంతల కూసుంటయి. ఆ గుంత పైకప్పు సరిగ్గ కాక్‌పిట్ కింద వస్తది. కాక్‌పిట్ ఫ్రేము ఒక్క పిసరు కిందికి దిగి అతికినా, గుంత పైకప్పు దానికి తగిలి రెక్క మొత్తం కిందనే ఆగుతది.

తగిలే చోటు ఎట్ల దొరుకతది అంటే, గుంత పైకప్పు మీద మెత్తటి పెన్సిల్ గీకి రెక్కను పెట్టి ఒత్తు, మల్ల తియ్యి. కాక్‌పిట్ అడుగున నల్లగ అంటిన కాడనే 400 నంబర్ పేపర్‌తోని రుద్దు. జర రుద్దు, పెట్టి చూడు, మల్ల రుద్దు. అతికే అంచుల మీద ప్రైమర్, పెయింట్ ఉంటే బ్లేడుతోని గీకెయ్యి. రెండు దిక్కుల పెయింట్ మందం కలిసి సందుకు సాయం చేస్తది, చాల మంది దాన్ని పట్టించుకోరు.

పైన రెక్క మొదట్ల సందుకు బాడీని లోపల్నుంచి వెడల్పు చెయ్యాలె. స్ప్రూ (కిట్ ముక్కలు అతికి వచ్చే ప్లాస్టిక్ కడ్డీ) ముక్క అడ్డంగ కోసి రెండు గోడల నడుమ బిగుతుగ పెట్టు. కావాల్సినదానికంటే కొంచెం పొడుగ్గ కోసి, ఫైల్‌తోని తగ్గించుకుంట పో. రెండు దిక్కుల రెక్కకు ముట్టంగనే జిగురు పెట్టు. ఎడమ దిక్కే సందు ఉన్నదన్నవు కాబట్టి బాడీ రెక్క నడిమధ్యన ఉన్నదో లేదో ముందు కొలువు, పక్కకు జరిగినా గట్లనే కనిపిస్తది.

ఇంకో మాట. రెక్క చివరలను పైకి లాగి టేపు కట్టి సందు మూస్తరు కొందరు. హరికేన్ల రెక్క నడిమి భాగం సాపుగ ఉంటది, బయటి రెక్కలే పైకి లేస్తయి. టేపుతోని లాగితే నడుమ కూడ వంగుతది, ముందు నుంచి చూస్తే కొంగ రెక్కలు విప్పినట్టు అయితది. టేపు కట్టు గని, నడిమి భాగం కింద గాజు పలక పెట్టి సాపుగ ఉందా లేదా చూసుకో.

ఇవన్ని అయినంక మిగిలేది వెంట్రుకంత సందు. దానికి 0.25 మిల్లీ ప్లాస్టిక్ షీట్ నుంచి సన్న పట్టి కోసి దూర్చి, ఎక్స్‌ట్రా తిన్ సిమెంట్ తాకించు. ఎండకాలం ఆ జిగురు సందుల పారకముందే ఆవిరైతది, అందుకే ఒక్కసారి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లే అతికించు. 24 గంటలు ఆగి అప్పుడు రుద్దు. గీతలకు రెండు దిక్కుల మాస్కింగ్ టేపు రెండు పొరలు వేస్తే వాటికి ఏం కాదు. ఫెవిక్విక్‌తోని నింపితే మాత్రం గంట లోపే రుద్దాలె. తెల్లారి దాక ఉంచితే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడతది, పక్కన ప్లాస్టిక్ గుంత పడతది గని అది మాత్రం అట్లనే నిలబడతది. బండ్ల పెయింట్ షాపుల దొరికే పుట్టీ మందంగ వేస్తే అందుల ఉన్న తిన్నర్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తది, ఆరినంక గుంజుకపోతది కూడ. వెయ్యాల్సి వస్తే పల్చటి పొరలే.

గద్వాల_ఎయిర్‌బ్రష్:

పెయింట్ సంగతి. గరుకు రావడానికి కారణం మీ చెయ్యి కాదు, ఎండ. నాజిల్ నుంచి బయల్దేరిన చుక్క రెక్క మీద పడేలోపే సగం ఎండిపోతోంది. పడ్డాక పరుచుకోవడానికి దానిలో తడి లేదు, అందుకే పొడిలా కూర్చుంటోంది. పది సెంటీమీటర్ల దూరం, 20 పీఎస్ఐ రెండూ దాన్ని ఇంకా ఎండబెడుతున్నాయి.

ఒక వంతు పెయింట్‌కి రెండు వంతుల తిన్నర్ కలపండి. టమియా రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) పది శాతం దాటకుండా వేయండి, ఎక్కువైతే రోజుల తరబడి జిగటగా ఉండి వేలిముద్రలు పడతాయి. ఒత్తిడి 12 నుంచి 15కి దించండి. దూరం మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. పొర తడిగా మెరిసి, వెంటనే మెరుపు తగ్గాలి. కారితే దగ్గరగా పెట్టినట్టు, పొడిగా వస్తే దూరంగా పెట్టినట్టు. ఎక్స్-20ఏ బదులు మిస్టర్ కలర్ లెవలింగ్ తిన్నర్ వాడితే ఇంకా నున్నగా పరుచుకుంటుంది, అందులోనే రిటార్డర్ ఉంటుంది. ఘాటు ఎక్కువ, కిటికీ తెరిచి మాస్క్ పెట్టుకోండి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ తిన్నర్ మాత్రం వద్దు, గన్ కడగడానికే అది. ప్లాస్టిక్ మీద పడితే పైపొర కరిగి బూజులాంటి మచ్చ పడుతుంది.

పొద్దున్నే, మిద్దె వేడెక్కకముందే కొట్టండి. కూలర్ గాలి ఎదురుగా అసలు వద్దు. తేమ వస్తుంది, అప్పుడప్పుడు నీటి చుక్క కూడా. వానాకాలంలో లాకర్, గ్లాస్ కోటు (పైన కొట్టే మెరుపు పొర) తెల్లగా పాలిపోయేది కూడా తేమ వల్లే. తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలో తేమను లాక్కుంటుంది. కంప్రెసర్‌కి మాయిశ్చర్ ట్రాప్ (గాలిలో నీటిని ఆపేది) లేకపోతే గొట్టంలోంచే నీళ్లు ఊస్తుంది.

రంగుల వరుస: ముందు అడుగున మీడియం సీ గ్రే, టమియాలో ఎక్స్‌ఎఫ్-83. తర్వాత పైన డార్క్ ఎర్త్, దగ్గరగా వచ్చేది ఎక్స్‌ఎఫ్-52. ఆఖరున డార్క్ గ్రీన్, ఎక్స్‌ఎఫ్-81. రెండు రంగుల అంచు 1/72లో దాదాపు గీత గీసినట్టే కనిపించాలి. బ్లూ-టాక్‌ని (మెత్తటి జిగురు ముద్ద) సన్నటి తీగలా చుట్టి అంచు వెంట పెట్టి, గన్‌ని నిట్టనిలువుగా పట్టి కొట్టండి. వాలుగా పడితే పెయింట్ దాని కిందకి దూరి అంచు మసకబారుతుంది. ఈ ఎండకి టేపు జిగురు మెత్తబడి పెయింట్‌ని పట్టుకుంటుంది, కాబట్టి టేపుని ముందు అరచేతికి ఒకసారి అంటించి అప్పుడు వేయండి. అయిపోగానే తీసేయండి, రాత్రంతా ఉంచకండి.

దేవరకొండ_కిట్లు:

డెకాల్ గురించి. ఫ్లోరైడ్ కాదన్నా. మన నల్గొండ, పాలమూరు బోరు నీళ్లల్ల కఠినత్వం ఎక్కువ, అంటే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు ఆరితే మిగిలేది ఆ సున్నమే, గీజర్‌ల పేరుకునేది అదే. ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు చేటు గని డెకాల్‌కు కాదు.

అయితే తెల్లగ కనిపించేది రెండు రకాలు, మందు వేరు. తడి దూది పుల్లతోని తుడువు. తడిగ ఉన్నప్పుడు మాయమై ఆరంగనే మల్ల తేలితే సున్నం. సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తోని మెల్లగ తుడిచి, మంచి నీళ్లతోని కడుగు. తుడిచినా పోకుండ, వాల్చి చూస్తే వెండి లెక్క మెరిస్తే అది ఫిల్మ్ కింద గాలి. గరుకు పెయింట్ మీద డెకాల్ పెట్టినవు కద, ఆ గుంతలల్ల గాలి నిలిచింది. సూదితోని పొడిచి మైక్రో సాల్ (డెకాల్‌ను మెత్తబరిచే మందు) తాకించు, పడుకుంటది. ఎక్కువ ఉంటే రెండు మూడు సార్లు పడతది. అసలు మందు మాత్రం పెయింట్ నున్నగ చేసి, మీద గ్లాస్ కోటు కొట్టుడే. ఎక్స్-22 చాలు.

నీళ్లకు బ్యాటరీ షాపుకు పోయి డిస్టిల్డ్ వాటర్ అడుగు. అదే షాపుల యాసిడ్ కూడ అమ్ముతరు, క్యాను మీద చదివి తీస్కో. ఆర్‌ఓ క్యాన్ నీళ్లు బోరు కంటే నయం గని డిస్టిల్డ్ అంత శుభ్రం ఉండవు. డెకాల్‌ను నీళ్లల్ల వదిలెయ్యకు, పది సెకన్లు ముంచి తీసి తడి గుడ్డ మీద పెట్టు. నానబెడితే జిగురంత నీళ్లల్ల పోయి ఆరినంక అంచు లేస్తది. అతికినంక పక్కకు కారిన జిగురును తడి పుల్లతోని తుడువకపోతే కొన్ని నెలలకు గోధుమ రంగు మచ్చ అయితది.

నల్గొండ_డెబ్బైరెండు:

వెనిగర్ మాట సరే గని, పాత డెకాల్ షీట్ అయితే ముందు వాడని గుర్తు ఒకటి పెట్టి చూడాలె. వెనిగర్ డెకాల్‌ను మెత్తబరుస్తది, పాత ఫిల్మ్ అయితే చినిగే అవకాశం ఉన్నది.

ఫిరంగులకు మెడికల్ షాపుల 25 గేజ్ సూది తీస్కో, నారింజ రంగు మూతిది. బయటి వ్యాసం అర మిల్లీమీటర్, ఈ స్కేల్‌కు అందంగ సరిపోతది. 23 గేజ్, అంటే నీలం మూతిది, 0.64 వస్తది, కొంచెం మొద్దు. కట్టర్‌తోని కొయ్యకు, రంధ్రం నలుగుతది. ముక్కోణపు సూది ఫైల్‌తోని చుట్టూ గాడి పెట్టి విరువు, మూతి 1000 నంబర్ పేపర్ మీద సాపు చెయ్యి. రెక్క అంచుల అర మిల్లీ బిట్‌తోని పిన్ వైస్ (చేతితోని తిప్పే చిన్న డ్రిల్) తిప్పి గుంత చెయ్యి, ఇరుకైతే 0.6. సూది మొన ఫైల్‌తోని తీసేసినంకనే పని మొదలు పెట్టు, తీసేసిన మొనను డబ్బల వేసి పారెయ్యి.

నాలుగు ఫిరంగులు పెట్టేముందు నువ్వు చేస్తున్న విమానం ఫోటో చూడు. టాక్టికల్ రికానిసెన్స్ (ఎగిరి శత్రువు కదలికలు చూసి వచ్చే) పనికి వాడిన హరికేన్లల్ల బరువు తగ్గించుటానికి రెండు తీసేసినవి ఉండె. ఆరో స్క్వాడ్రన్ చేసింది ఆ పనే, మెహర్ సింగ్ నాయకత్వంల. "పద్నాలుగో సైన్యం (బర్మాల కొట్లాడిన బ్రిటిష్ సైన్యం) కండ్లు" అని పేరు వచ్చింది అట్లనే.

వనపర్తి_బర్మాఫ్రంట్:

ఆరో స్క్వాడ్రన్ అన్నారు కాబట్టి గుర్తుల సంగతి కూడా ఒకసారి చూసుకోండి. యూరప్ డెకాల్స్‌లో ఉండే ఎర్ర మధ్యబొట్టు రౌండెల్ (గుండ్రటి జాతీయ గుర్తు) పనికిరాదు. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకూడదని ఆగ్నేయాసియా దళంలో ఎరుపు పూర్తిగా తీసేశారు. ముదురు నీలం చుట్టు, లోపల లేత నీలం. తోక మీద పట్టీ కూడా ఆ రెండు రంగులే. రెక్కల మీద, తోక మీద అడ్డంగా తెల్ల పట్టీలు వేయాలని కొందరికి ఆశ ఉంటుంది. హరికేన్లకి అవి వచ్చింది ఆ తర్వాతే. 1944 అరకాన్ విమానానికి వేస్తే తప్పు.

ముక్కు కింద వోక్స్ దుమ్ము ఫిల్టర్ ఉన్న భాగం ఉందా, కిట్‌లో చూడండి. మన వైపు వచ్చిన హరికేన్లు చాలా వరకు ఆ రూపంలోనివే. స్ప్రూ మీద రెండు రకాల ముక్కు అడుగులు ఉంటే పెద్ద గడ్డం ఉన్నది తీసుకోండి.

ఇక పాతబడినట్టు చూపే పని. ఇక్కడ హరికేన్ స్పిట్‌ఫైర్ కాదు, ఒకే పద్ధతి ఒళ్లంతా వాడితే చెడిపోతుంది. కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా బాడీ బట్టే. లోపల ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద కర్ర స్ట్రింగర్లు, పైన బట్ట. తోక రెక్కలు, రడ్డర్, ఎలివేటర్లు, ఐలెరాన్లు కూడా బట్టే. అక్కడ వెండి రంగు గీతలు పెడితే బట్ట కింద అల్యూమినియం ఉన్నట్టు అవుతుంది. పెయింట్ లేచిన మచ్చలు ఇంజన్ కప్పుల అంచుల దగ్గర, రెక్క మొదట్లో పైలట్ ఎక్కే చోట, తుపాకీ మూతల చుట్టూ మాత్రమే. టూ-సి రెక్కలు లోహపువి కాబట్టి అక్కడ గీతలకి వాష్ (గీతల్లో నిలిచే పల్చటి ముదురు రంగు) వేయొచ్చు. బట్ట మీద వాష్ వద్దు. స్ట్రింగర్ గీతల నడుమ మూల రంగుకే కొద్దిగా తెలుపు కలిపి పల్చగా ఒక్క చుట్టు కొట్టండి, ఎండకి వెలిసినట్టు కనిపిస్తుంది. గీతలు గీతల్లా కాకుండా బట్ట బిగిసినట్టు కనపడాలంటే 1000 నంబర్ పేపర్‌తో వాటి పదును ఒకసారి తగ్గించండి. చాలా కిట్లలో అవి ఎక్కువ పదునుగా ఉంటాయి. కాబట్టి పుట్టీ రుద్దడంలో కొద్దిగా తగ్గినా కంగారు పడాల్సింది లేదు.

పాలమూరు_రెక్కలు:

పెన్సిల్ గీకి చూసిన. కాక్‌పిట్ ఫ్రేము ముందటి అంచే తగులుతుంది, రుద్దినంక సందు సగానికి పైన మూసింది. పైలట్ హుడ్డు తెరిచి పెట్టొచ్చా? ఏరియల్ తీగ కూడ వెయ్యాలనుకుంటున్న.

నల్గొండ_డెబ్బైరెండు:

హుడ్డు మూసి ఉండేటట్టు పోసింది అయితే తెరిచి పెట్టకు, ఆ మందానికి ఎనక బాడీ మీద పైకి లేచి కూసుంటది. కిట్‌ల వేరుగ తెరిచిన హుడ్డు ఇస్తే అదే వాడు. గాజు లెక్క ఉండే ప్లాస్టిక్ ముక్కలకు ఫెవిక్విక్ తాకనియ్యకు, దాని ఆవిరికి లోపల మంచు పట్టినట్టు అయితది. ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు.

తీగ సంగతి రేడియో మీద ఉంటది. పాత హెచ్‌ఎఫ్ సెట్టుకు ఏరియల్ స్తంభం నుంచి రడ్డర్ పైకి తీగ పోతది, వీహెచ్‌ఎఫ్ వచ్చినంక స్తంభమే ఏరియల్, తీగ లేదు. నీ విమానం ఫోటోల తీగ కనిపించకపోతే వెయ్యకు. కనిపిస్తే సాగే లైక్రా దారం తీస్కో, స్ప్రూ కాల్చి గుంజిన తీగ మన ఎండకు వదులై వేలాడతది.