లోడ్ టెస్ట్‌లో కాల్స్ అన్నీ కలిశాయి, ఆడియో ప్యాకెట్లు లేవు. పాస్ అని రాయొచ్చా?

వైజాగ్_టెస్టర్:
ఆస్టరిస్క్ (ఫోన్ కాల్స్ కలిపే సాఫ్ట్‌వేర్) సర్వర్‌కి లోడ్ టెస్ట్ చేస్తున్నాం. ఒకవైపు సిప్‌పీ (ఉత్తుత్తి కాల్స్ పుట్టించే టెస్ట్ టూల్) కాల్స్ చేస్తుంది, ఇంకోవైపు మరో సిప్‌పీ ఎత్తుతుంది, మధ్యలో సర్వర్. ఒకేసారి 300 కాల్స్ నిలబడ్డాయి, ఒక్కటీ ఫెయిల్ కాలేదు. కానీ సర్వర్‌లో టీసీపీడంప్ పెట్టి ప్యాకెట్లు చూస్తే 5060 పోర్టు ట్రాఫిక్ (కాల్ కలిపే సిగ్నలింగ్) తప్ప ఇంకేం లేదు. ఎస్‌డీపీలో (ఆడియో ఏ పోర్టుకి రావాలో చెప్పే భాగం) ఆడియో పోర్టు సరిగ్గానే ఉంది. ఫైర్‌వాల్ ఆపినా అంతే. మా లీడ్ "కాల్స్ కలిశాయిగా, పాస్ అని రాసెయ్" అంటున్నారు.

సిప్_పాతకాపు:
ఏ సినారియో వాడారు?

వైజాగ్_టెస్టర్:
సిప్‌పీతోపాటు వచ్చే యూఏసీనే (కాల్ చేసే వైపు స్క్రిప్ట్) అండి.

సిప్_పాతకాపు:
అయితే ఫైర్‌వాల్ జోలికి వెళ్లక్కర్లేదు. ఆ సినారియో ఎస్‌డీపీలో పోర్టు రాస్తుంది గానీ ఆడియో పంపదు. యూఏసీ_పీక్యాప్ వాడండి, అది ముందే రికార్డు చేసిన ఆడియో ప్యాకెట్ల ఫైల్ (పీక్యాప్) పంపుతుంది. సిప్‌పీని పీక్యాప్ సపోర్ట్‌తో కంపైల్ చేసి ఉండాలి, రూట్‌గా నడపాలి. రా సాకెట్ (ప్యాకెట్లు నేరుగా తయారుచేసి పంపే దారి) కావాలి కాబట్టి మామూలు యూజర్‌కి కుదరదు. అందులో ఆడియో ఏ-లా కోడెక్ (ఆడియోని కోడ్ చేసే పద్ధతి), సర్వర్‌లో మ్యూ-లా ఒక్కటే అనుమతిస్తే 488 (ఈ కోడెక్ కుదరదనే తిరస్కరణ) వస్తుంది. ఎత్తే వైపు ఆర్‌టీపీ (ఆడియో ప్యాకెట్లు) ఎకో, అంటే వచ్చినదాన్నే తిప్పి పంపడం, పెట్టకపోతే తిరుగు ఆడియో ఉండదు. ఇంకోటి, ఆ ఫైల్ 8 సెకన్లదే. నిమిషం కాల్ పెడితే మిగతాదంతా నిశ్శబ్దమే.

కోడెక్_గుంటూరు:
వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు విడదీసి చూపే టూల్) చూశారా? ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) క్యాప్చర్ కాకపోతే ఆర్‌టీపీ వట్టి యూడీపీగా కనిపిస్తుంది.

వైజాగ్_టెస్టర్:
వట్టి యూడీపీ కూడా లేదండి, పైన రాశాను కదా.

నెట్‌టీమ్_హైదరాబాద్:
పాస్ అని మాత్రం రాయకండి. జీ.711 కోడెక్‌లో (ఏ-లా, మ్యూ-లా రెండూ ఇందులోవే) 20 మిల్లీ సెకన్లకో ప్యాకెట్, అంటే ఒక్కో దిశలో సెకనుకి 50. 300 కాల్స్, ఒక్కో కాల్‌కి సర్వర్ దగ్గర రెండు లెగ్‌లు (చేసేవైపు ఒకటి, ఎత్తేవైపు ఒకటి). సెకనుకి 30,000 ప్యాకెట్లు లోపలికి, 30,000 బయటికి. మీ టెస్ట్‌లో వీటిలో ఒక్కటీ లేదు. సర్వర్ అసలు పని చేయనే లేదు.

సిప్_పాతకాపు:
"అసలు పని చేయలేదు" అనడం తప్పు. డయల్ ప్లాన్ (కాల్ ఎటు పంపాలో చెప్పే నియమాలు) నడిచింది, డేటాబేస్ నడిచింది, 300 కాల్స్ స్టేట్ మోసింది. కమాయిలియో లాంటి ప్రాక్సీ (సిగ్నలింగ్‌ని దారి మళ్లించే సర్వర్) ఆడియో ముట్టుకోనే ముట్టుకోదు, దానికి సిగ్నలింగ్ టెస్ట్ చాలు.

నెట్‌టీమ్_హైదరాబాద్:
ఆయన పెట్టింది ఆస్టరిస్క్ అండి, కమాయిలియో కాదు.

సిప్_పాతకాపు:
సిగ్నలింగ్ టెస్టూ టెస్టేనా కాదా? ముందు దానికి జవాబు చెప్పండి.

ఎన్నారై_డల్లాస్:
డైరెక్ట్ మీడియా (ఆడియోని రెండు వైపుల మధ్య నేరుగా పోనిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేశారా? లేకపోతే రీ-ఇన్వైట్‌తో (కాల్ మధ్యలో మళ్లీ పంపే ఇన్వైట్) ఆడియో సర్వర్‌ని తప్పించుకుని పోతుంది, మళ్లీ డంప్ ఖాళీగానే ఉంటుంది.

నెట్‌టీమ్_హైదరాబాద్:
జవాబు చెబుతాను. నేను ఇదివరకు పనిచేసిన చోట ఇలాంటి రిపోర్టే ఇచ్చారు. కాల్ సెంటర్ మొదలైన రోజే మాటలు తెగిపోయాయి. "టెస్ట్ పాసైంది, కాల్ కలుస్తోంది, కాబట్టి నెట్‌వర్క్‌దే తప్పు" అన్నారు. రాత్రంతా స్విచ్‌లు మార్చాం. చివరికి తేలిందేంటంటే, ట్రంక్ (బయటి టెలికాం లైన్) వైపు జీ.729 కోడెక్, ఏజెంట్ల వైపు జీ.711. ట్రాన్స్‌కోడింగ్‌తో (ఒక కోడెక్ నుంచి ఇంకోదానికి మార్చే పని) సర్వర్ సీపీయూ నిండిపోయింది. ఆడియో లేని టెస్ట్‌లో అది ఎలా బయటపడుతుంది? ఆ ఏడాది రేటింగ్ తగ్గింది మా టీమ్‌కే.

సిప్_పాతకాపు:
మీ పాత ఆఫీసు గొడవ ఇక్కడెందుకు? ఆడియో ప్యాకెట్లు కనిపించలేదని అతను అడిగితే నువ్వు రేటింగ్ గురించి మాట్లాడతావేంటి?

నెట్‌టీమ్_హైదరాబాద్:
నువ్వు అనకండి. పాస్ అనే ముక్క ఎవరి మెడకి చుట్టుకుంటుందో చెబుతున్నాను.

సిప్_పాతకాపు:
సరే, నా మాటా వినండి. ఆడియోతో 300 కాల్స్ పంపాలంటే సిప్‌పీ నడిపే మెషీన్ ఒక్కటి సరిపోదు. ఇంకో రెండు అడిగితే ఎవరిస్తారు? "ఆడియో పరీక్షించలేదు" అని నేను రిపోర్టులో రాస్తే ఆ లైన్ తీసేసి పంపమన్నారు. తేదీ మారదు, మెషీన్లు రావు, సంతకం టెస్టర్‌ది. మీరు టెస్ట్ తప్పంటారు. టెస్ట్ చేసేవాడి చేతిలో ఉన్నది అంతే అంటున్నాను నేను.

నెట్‌టీమ్_హైదరాబాద్:
ఆ లైన్ తీసేసిన వాళ్ల పేరుతో మెయిల్ ఉంటే మా టీమ్ ఆ రాత్రి ఇంటికి వెళ్లేది.

కోడెక్_గుంటూరు:
మీరిద్దరూ తిడుతున్నది ఒకళ్లనే కదా. మెయిల్‌లో రాయించుకోండి, వైజాగ్ గారూ.

వైజాగ్_టెస్టర్:
రూట్‌గా యూఏసీ_పీక్యాప్ నడిపాం, ఏ-లా అనుమతించాం, అవతల ఎకో పెట్టాం, డైరెక్ట్ మీడియా ఆపాం. 50 కాల్స్‌కి రెండు దిశల్లోనూ ఆర్‌టీపీ కనిపించింది. 300కి వెళ్తే సర్వర్ కంటే ముందు మా సిప్‌పీ మెషీనే నిండిపోయింది. "సిగ్నలింగ్ 300, ఆడియో 50, ఆపైన పరీక్షించలేదు" అని రాసి లీడ్‌కి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

నెట్‌టీమ్_హైదరాబాద్:
రిపోర్టులో ఆడియో 50ని పై లైన్లో రాయండి, సిగ్నలింగ్ 300ని కింది లైన్లో.

సిప్_పాతకాపు:
వాళ్లు అడిగింది 300. అదే పైన ఉండాలి.